సంతోషమ్మ పేరు చదవని ఆదివారం

నాకు అనుమానం ఎక్కువని మా ఇంట్లో అందరికీ తెలుసు. పాల ప్యాకెట్టు నొక్కి చూడందే తీసుకోను. ఫోనులో ఎవరైనా మరీ తియ్యగా మాట్లాడితే వెంటనే పెట్టేస్తాను. ముప్ఫై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పినదాన్ని, కడుపునొప్పి అంటూ ఎవరైనా పొట్ట పట్టుకుంటే ముందు ఏ పక్క పట్టుకున్నారో చూస్తాను. ఈ గుణాన్ని మెచ్చుకున్నవాళ్ళు లేరు గాని, పోయిన క్రిస్మస్ ముందు మాత్రం దీనికి గిరాకీ వచ్చింది. విజయనగరంలో మా చర్చివాళ్ళూ, ఇంకో రెండు చర్చిలవాళ్ళూ కలిసి ఇబ్బందుల్లో ఉన్న కుటుంబాలకు పండక్కి సంచులు పంచుతారు. బియ్యం, కందిపప్పు, నూనె, పంచదార, మైదా, పైన ఒక చిన్న కేకు. ఎవరికి తోచినవి వాళ్ళు తెచ్చి పెట్టడానికి చర్చి పక్కన ఒక గది ఉంది, దాన్ని ఫుడ్ బ్యాంకు అంటారు. నడిపేది సునీత, మా పెదనాన్న కొడుకు కూతురు.

"అత్తా, ఈ ఏడు లిస్టులో దొంగ పేర్లు ఎక్కువైపోనాయి. ఒకే ఇంట్లో ముగ్గురు రాయించుకుంటన్నారు. నువ్వోపాలి ఊళ్ళకెళ్ళి ఇళ్ళు సూసి రా. నిన్నెవులూ మోసం సెయ్యలేరు," అంది సునీత.

ఆ మాటకు నేను పొంగిపోయాను, దాచుకోవడం ఎందుకు. మర్నాడే కళ్ళజోడు తుడుచుకుని కాగితాలు ముందేసుకున్నాను. ప్రతి పేరు పక్కనా ఆధార్ జిరాక్సు, ఇంటి ఫోటో, ఎవరో రాసిన రెండు ముక్కలు. మూడో కాగితం మా సొంత ఊరిది, కోటబొమ్మాళికి నాలుగు మైళ్ళ దూరంలో నేను పుట్టి పెరిగిన ఊరిది. అందులో ఆఖరి పేరు సంతోషమ్మ, వయసు ఎనభై, ఒంటరి. పక్కన ఎర్ర సిరాతో రాసి ఉంది: కొడుక్కి ఆటో ఉంది, ఇంట్లో టీవీ ఉంది, పోయినేడు ఇచ్చిన సరుకులు అమ్ముకుందని ఫిర్యాదు వచ్చింది. ఆమె పేరు ఉంచాలో కొట్టెయ్యాలో చెప్పాల్సింది నేను. సునీతకు ఫోన్ చేసి, ఆ ఒక్క ఊరికి ఇంకెవర్నైనా పంపమన్నాను. ఎందుకని అడిగితే మోకాళ్ళ నొప్పులన్నాను. మోకాళ్ళు బాగానే ఉన్నాయి.

మా ఇంట్లో అనుమానం మా మామ్మతో మొదలైంది. నాన్నను కన్నతల్లి, పేరు ఎస్తేరమ్మ. నూనె తెస్తే అరచేతిలో వేసి వాసన చూసేది. తోటకూర కట్ట విప్పి, లోపల ముదురు కాడలు దాచారేమోనని వెతికేది. కూరగాయలమ్మి తక్కెడను తిరగేసి, అడుగున ఏదైనా అంటించిందేమో వేలితో తడిమేది. నెయ్యిగిన్నె మూత మీద తన తలవెంట్రుక ఒకటి పెట్టి వెళ్ళేది, వచ్చేసరికి అది పక్కకు జరిగి ఉంటే ఆ రోజు మాకు మూడినట్టే. చింతపండు ఉట్టి మీద ఉండేది, దాని తాడుకు ముడి వేసే పద్ధతి ఆవిడకు తప్ప ఎవరికీ రాదు. ఇన్ని చేసినా ఆవిడ పిసినారి కాదు. పెట్టేటప్పుడు చెయ్యి నిండా పెట్టేది. కాకపోతే తను పెడితేనే తినాలి. మా ఊరి చర్చిలో స్త్రీల సమాజానికి పాతికేళ్ళు ఆవిడే ప్రెసిడెంటు. తెల్లచీర గంజి పెట్టి కట్టుకుని ముందు బల్ల మీద కూర్చుంటే, పాస్టరు అయ్యగారు కూడా ఒకసారి ఆవిడ మొహం చూసి ప్రసంగం ముగించేవారు.

ఆ సమాజం చేసే పెద్ద పని పిడికెడు బియ్యం. ఇది మా చర్చిల్లో ఎప్పటినుంచో ఉన్న ఆచారం. పొయ్యి మీద ఎసరు పెట్టి, వండడానికి బియ్యం కొలుచుకున్నాక, కడగబోయే ముందు ఇల్లాలు అందులోంచి ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న ముంతలో వేస్తుంది. అలా పూటపూటా వేసిన బియ్యాన్ని ఆదివారం గుడ్డసంచిలో పోసుకుని చర్చికి తెచ్చి, కానుకల పాట పాడుతుండగా వరుసలో వెళ్ళి డ్రమ్ములో పోస్తుంది. ఏడాదంతా అలా చేరిన బియ్యాన్ని క్రిస్మస్ ముందు ఆదివారం మొగుడు పోయినవాళ్ళకీ, పని పోయినవాళ్ళకీ, మంచాన పడినవాళ్ళకీ పంచుతారు. మామ్మ ఆ వరుసను కళ్ళల్లో వత్తులు వేసుకుని చూసేది. ఇంటికొచ్చాక, "ఆ మార్తమ్మ గుప్పిటి మూసి తీస్తాది, తెరిసి తియ్యదు. సంచి సూడు, పిల్లి మూతిలాగ ఎంతున్నాదో," అనేది. దేవుడి బియ్యంలో కూడా మోసం ఉంటుందని నాకు పదేళ్ళకే నేర్పిందావిడ.

ఆ బియ్యానికి ఒక చిక్కుంది. పది ఇళ్ళ బియ్యం ఒక్కచోట కలుస్తుంది కదా. ఒకరివి ముతకవి, ఒకరివి సన్నవి, ఒకరివి ఉప్పుడు బియ్యం, ఒకరివి ఇంట్లో దంచిన ఎర్రవి, కొందరివి రేషను కోటా బియ్యం. అవన్నీ కలిపి వండితే సగం మెత్తబడి ముద్దవుతాయి, సగం పలుకు మిగులుతాయి. తెల్లటి అన్నంలో అక్కడక్కడా ఎర్ర మెతుకులు కనబడతాయి. ఎంత కష్టపడి వండినా ఒక తీరుకు రాదు. మా వీధిలో ఏ ఇంట్లో కంచం చూసినా చెప్పెయ్యొచ్చు, అది సమాజం బియ్యమని. అందుకే ఆ బియ్యం తీసుకున్నవాళ్ళు తలుపు దగ్గరగా వేసుకుని తినేవారు.

డ్రమ్ము చర్చి వేదిక పక్కన, లోపలికి తలుపున్న పాత వంటగదిలో ఉండేది. ఆ గదికో తాళం, రెండు చెవులు. ఒకటి మామ్మ బొడ్లో, రెండోది చర్చి ఊడ్చే సంతోషమ్మ దగ్గర. చీపుర్లూ చాపలూ ఆ గదిలోనే ఉండేవి మరి. అప్పటికి సంతోషమ్మకు ముప్ఫై కూడా లేవు. మొగుడు చేపలవేటకు పోయి తిరిగి రాలేదు, చంకలో కొడుకు. ఎప్పుడూ ఏదో కూనిరాగం తీస్తూ ఊడ్చేది, నన్ను చూస్తే, "ఓలె గుంటా, ఇలాగొచ్చి ఈ సాప కొస అట్టుకో," అని పని చెప్పేది. మామ్మ తాళాన్ని నమ్మేది కాదు. ప్రతి ఆదివారం బియ్యం పోయడం అయిపోయాక డ్రమ్ములోకి వంగి, పైన చదును చేసి, తన కుడి అరచెయ్యి గట్టిగా అదిమి ముద్ర వేసేది. కళ్ళాల్లో ధాన్యం రాశి మీద రైతులు బూడిదతో ముద్ర వేస్తారు చూడండి, అదే పద్ధతి. మామ్మ చిటికెన వేలు చిన్నప్పుడెప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. ఆ వంకర ఇంకెవరికీ రాదు కనుక ఆ ముద్రను ఇంకెవరూ వెయ్యలేరు. మళ్ళీ ఆదివారం మూత తీసి, వంకర వేలు ఉందని చూసుకుని, అప్పుడు కొత్త బియ్యం పోయనిచ్చేది.

నాన్న బియ్యం మిల్లులో డ్రైవరు. మిల్లు యంత్రాన్ని నడిపేవాణ్ణి మా వైపు డ్రైవరనే అంటారు. సాయంత్రం ఆయన గుమ్మంలోకి వస్తే ఇల్లంతా తవుడు వాసన వేసేది. కనుబొమల మీద కూడా తవుడే. జేబులో గుప్పెడు నూకలు వేసుకొచ్చి కోడిపిల్లలకు చల్లేవాడు. నేను ఆరో తరగతిలో ఉండగా, వర్షాలు తగ్గాక, ఆయన కుడిచెయ్యి మిల్లు బెల్టులో పడింది. చెయ్యి ఉంది గాని వేళ్ళు ముడుచుకుపోయాయి. యజమాని రెండుసార్లు నూకల బస్తా పంపి, మూడోసారి పంపలేదు. ఇంట్లో పొద్దున్న చోడి అంబలి ఉండేది, తర్వాత రెండు పూటలా అదే అయింది. చోళ్ళు, అంటే రాగులు, ఉడికే వాసన ఇప్పటికీ నాకు పడదు. అంత ఇబ్బందిలోనూ అమ్మ ముంతలో బియ్యం వెయ్యడం మానలేదు. మామ్మ మాననివ్వలేదు.

"ముంత ఖాళీగా అట్టుకెల్తే నలుగురూ ఏటనుకుంటారు? ప్రెసిడెంటు ఇంట్లో పొయ్యి ఎలగలేదని సాటింపు ఎయ్యాలా?" అంది మామ్మ.

నాన్న కోసం, ఆయన ఒక్కడి కోసం, అమ్మ కాసిని బియ్యం వండేది. అందులోంచి కూడా పిడికెడు తీసి ముంతలో వేసేది. ఆ చెయ్యి చూస్తే నాకు ఏడుపొచ్చేది, కోపం కూడా వచ్చేది. దేవుడి మీదో మామ్మ మీదో తెలిసేది కాదు. తిండి లేని ఇల్లు తిండి లేనివాళ్ళకు బియ్యం ఇవ్వడమేమిటి? బియ్యం తీసుకునేవాళ్ళ జాబితాలో మా పేరు కూడా రాయించొచ్చు కదా అని నేను ఒకసారి అంటే, మామ్మ నా నోటి మీద కొట్టింది. జాబితాలో ఉన్న కుటుంబాల పేర్లను అయ్యగారు అందరి ముందూ పైకి చదివేవారు. పిలిచినవాళ్ళు సంచి పట్టుకుని లేచి ముందుకొస్తే, మామ్మ కుంచంతో కొలిచి పోసేది. కుంచం పట్టుకునే మనిషి, సంచి పట్టుకుని ఎలా నిలబడుతుంది? ఆవిడకు అన్నిటికంటే ఆ నడవే భయం. మా బల్ల నుంచి డ్రమ్ము దాకా పది అడుగులు కూడా ఉండవు.

డిసెంబరు వచ్చింది. చర్చికి సున్నం వేశారు, సరుగుడు కొమ్మలు తెచ్చి వాకిట్లో పడేశారు, వెదురు బద్దలు వంచి నక్షత్రం కడుతున్నారు. ఉన్నవాళ్ళ ఇళ్ళలోంచి పాకుండలకు పాకం పట్టే వాసన వస్తోంది. ఒక శనివారం నేను బడి నుంచి వచ్చేసరికి అమ్మ పెరట్లో గోడవైపు తిరిగి కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. వెనక నుంచి వంగి చూశాను. ముతకవీ, సన్నవీ, పచ్చగా ఉప్పుడువీ, మధ్యలో ఎర్రవీ.

"ఎక్కడివే అమ్మా?" అన్నాను.

"మనవే," అంది అమ్మ తల ఎత్తకుండా. "ఇన్నాళ్ళూ మనం ఏసినవే. ఎక్కువ తేలేదు."

ఆ రాత్రి అందరికీ అన్నం వడ్డించింది. సగం ముద్ద, సగం పలుకు. నేను మామ్మ మొహంకేసి చూస్తూ కూర్చున్నాను. ఒక్క రాయి తగిలితే కంచం తోసేసే మనిషి, ఎవరింటి పులుసులోనైనా పాత చింతపండు వేస్తే వాసనకే చెప్పేసే మనిషి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నమిలింది. ఒక క్షణం ఆగింది. తర్వాత రెండో ముద్ద కలుపుకుంది. కంచం ఖాళీ అయ్యేదాకా తల ఎత్తలేదు. చెయ్యి కడుక్కుంటూ, "ఉప్పు తగ్గింది," అంది, అంతే.

మర్నాడు చర్చిలో పాట మొదలవకముందే మామ్మ డ్రమ్ము మూత తీసింది. నేను పక్కనే సంచి పట్టుకుని నిలబడి ఉన్నాను. బియ్యం మీద ముద్ర ఉంది. అమ్మ తీసిన చోట చదును చేసి మళ్ళీ అరచెయ్యి అదిమిందన్నమాట. పాపం, చిటికెన వేలి సంగతి మర్చిపోయింది. అయిదు వేళ్ళూ చక్కగా, సన్నగా, తిన్నగా ఉన్నాయి. మామ్మ దాన్ని చాలాసేపు చూసింది. కోడలి చెయ్యి ఆవిడకు తెలియదా? పదిహేనేళ్ళు ఆ చేతి వంట తిన్నది. వెనకాల మిగతా ఆడవాళ్ళు వంగబోతుంటే, తన చేత్తో ఆ ముద్రను ఒక్క తుడుపు తుడిచేసి, నిటారుగా లేచి నిలబడింది.

"నా ముద్ర లేదు. ఎవులో సెయ్యెట్టారు," అంది గట్టిగా. "తాళం సెవి నా దగ్గరున్నాది, సంతోషమ్మ దగ్గరున్నాది. ఇంక నేను సెప్పేదేటున్నాది?"

సంతోషమ్మ చీపురు పట్టుకుని గుమ్మంలో ఉంది. కూనిరాగం ఆగింది. "నాను తియ్యనేదు పెద్దమ్మా. పిల్లోడి మీద ఒట్టు," అంది. ఇంకా ఏదో అనబోయి, మా అమ్మకేసి చూసి, ఆగిపోయింది. అమ్మ పాటల పుస్తకం తెరిచి పట్టుకుని ఉంది. నేను అమ్మను చూశాను, మామ్మను చూశాను, నా కాళ్ళు చూసుకున్నాను. నాకు తెలుసు. నిజం తెలిసి కూడా నా నోరు పెగల్లేదు. పదకొండేళ్ళ పిల్లను అని ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకున్నాను గాని, పదకొండేళ్ళకు మాటలు బాగానే వస్తాయి. ఆ ఏడు బడిలో వక్తృత్వ పోటీలో బహుమతి తెచ్చుకున్నది నేనే.

తర్వాతి ఆదివారమే పంపకం. ఏటా జాబితాలో మొదటి పేరు సంతోషమ్మదే. ఆమె కూడా ఆ అలవాటుతోనే కాబోలు, అయ్యగారు కాగితం విప్పగానే చంకలో పిల్లాణ్ణి సర్దుకుని, సంచి దులుపుకుని లేచి నిలబడింది. ఆయన వేరేవాళ్ళ పేరు చదివారు. ఆ తర్వాత ఇంకొకరిది. ఇంకొకరిది. కాగితం అయిపోయింది. సంతోషమ్మ సగం నడవలో అలాగే నిలబడిపోయింది. కూర్చోమని ఎవరూ అనలేదు. రమ్మని ఎవరూ అనలేదు. చివరికి సంచిని నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకుని, వెనక్కి తిరిగి తలుపులోంచి బయటికి వెళ్ళిపోయింది. సాయంత్రం తాళం చెవి మా గుమ్మంలో పెట్టి, ఎవర్నీ పిలవకుండా వెళ్ళింది. పండగ కాకుండానే పాతపట్నం వైపు చుట్టాల దగ్గరికి ఇటుకల పనికి పోయిందని విన్నాం. చాలా ఏళ్ళ తర్వాత కొడుకు పెద్దవాడయ్యాక మళ్ళీ ఊరు చేరింది. అప్పటికి మేం విజయనగరం వచ్చేశాం. ఊళ్ళో ఉండగానే నాన్నకు మిల్లులోనే వాచ్‌మన్ పని ఇచ్చారు, అంబలి రోజులు పోయాయి. మామ్మ పోయింది, ఊరి చర్చిలో ఆవిడ పేరు మీద పాలరాయి పెట్టారు. అమ్మ కూడా పోయింది. మాలో ఒక్కరూ ఆ బియ్యం మాట ఇంట్లో ఎత్తలేదు. సంతోషమ్మ పేరు ఎవరైనా తెస్తే అమ్మ ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయేది.

సునీత నా మోకాళ్ళ మాట నమ్మలేదు. మా రక్తమే కదా. "నీకు తెలిసినావిడా?" అని ఒకటికి రెండుసార్లు అడిగింది. ఇంక తప్పక ప్యాసింజరు ఎక్కి కోటబొమ్మాళిలో దిగి, ఆటో మాట్లాడుకున్నాను. దారి పొడవునా ఒకటే ఆలోచన. అప్పటి పద్ధతి మంచిదా, ఇప్పటిదా? అప్పుడు ఇచ్చేవాళ్ళ పేర్లు ఎవరికీ తెలిసేవి కావు, పిడికెళ్ళన్నీ ఒకే డ్రమ్ములో కలిసిపోయేవి, తీసుకునేవాళ్ళ పేర్లు మాత్రం ఊరంతా వినేది. ఇప్పుడు పేర్లు చదవరు, మర్యాదే. కాని ఇచ్చేవాళ్ళ పేర్లు సంచుల మీద రంగుల్లో అచ్చవుతున్నాయి, తీసుకునేవాళ్ళు సంచి పట్టుకుని ఫోటో దిగాలి, ఫోటోలో నవ్వాలి. ఆ ఫోటోలు ఎక్కడెక్కడికి పోతాయో నాకు అనుమానమే. అప్పుడు మామ్మ అరచెయ్యి కాపలా, ఇప్పుడు ఆధార్ జిరాక్సు కాపలా. ఆకలి ఉందా లేదా అని చూసే పని ఒక్క మనిషికి అప్పజెబితే, ఆ మనిషి మా మామ్మలాగే తయారవుతుందేమో. అప్పుడు కుంచం ఆవిడ చేతిలో ఉండేది. ఇప్పుడు ఎర్ర కలం నా చేతిలో ఉంది.

సంతోషమ్మ ఇల్లు చర్చి వెనక సందులో, రేకుల కప్పు. నేను గుమ్మంలో నిలబడి అలవాటు కొద్దీ అంతా చూసేశాను. టీవీ ఉంది. ఫ్యాను ఉంది. పొయ్యి మీద చేపల పులుసు వాసన. మంచం మీద ముడుచుకుని కూర్చున్న ముసలావిడ నన్ను ఎగాదిగా చూసింది.

"ఎస్తేరమ్మ మనవరాలివి గదా నువ్వు," అంది. "మొకం గుర్తు నేదు. సూపు గుర్తుంది. ఇల్లంతా తడిమినట్టు సూస్తావు."

నాకు తల కొట్టేసినట్టయింది. బల్ల మీద కూర్చుని, కాగితం తీసి, సరుకులు అమ్మిన సంగతి అడిగాను.

"అమ్మినాను. మైదా నానేటి సేసుకుంటాను? పళ్ళు నేవు. కేకు, మైదా పక్కింట్లో ఇచ్చీసి మాత్రలు తెచ్చుకున్నాను. పప్పు, బియ్యం తిన్నాను. రాసుకో. కొడుకు ఆటో తోలతాడు, ఆడి పిల్లలకే సాలదు, నాకేటెడతాడు? టీవీ ఆడే ఒగ్గేసి ఎల్లినాడు. రాసుకో."

నేను రాయలేదు. కాగితం మడిచేశాను. అడగాల్సినవి అయిపోయాయి, చెప్పాల్సింది మిగిలింది. "పిన్నీ," అన్నాను. "ఆ బియ్యం తీసింది మా అమ్మ."

సంతోషమ్మ ఆశ్చర్యపోలేదు. "తెలీదేటి?" అంది. "మీ నాన్న సెయ్యి పడిపోనాక ఓ దినం నాను ఊడుస్తంటే మీ అమ్మొచ్చింది. తాళంకేసి సూసుకుంట నిలబడింది. నన్నేటీ అడగనేదు. అడిగితే నాను ఇవ్వలేను, నా బియ్యమా అది? అందుకని ఆ శనివారం తాళం నొక్కకుండా ఊరికే తగిలించి ఎల్లిపోనాను. ఆవిడ అడగనట్టూ ఉంటాది, నాను ఇవ్వనట్టూ ఉంటాది."

ఇన్నేళ్ళూ అనుమానించడమే పనిగా బతికాను, ఈ ఒక్కటి మాత్రం నా అనుమానానికి అందలేదు. ఒక మనిషి ఏమీ ఆశించకుండా తాళం తీసి వదిలేస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు.

"మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే? మీ మామ్మ మాట ముందు నా మాట ఎవులింటారు? తాళం ఒగ్గేసింది నానే గదా, మళ్ళీ నాదే తప్పంటారు. మీ అమ్మ సెప్తాదని సూసినాను. పాట పుస్తకంలో మొకం ఎట్టేసుకుంది." ఆవిడ నాకేసి తిరిగి కూర్చుంది. "ఆవిడ కోసం నాను తాళం తీసి ఉంచినాను. నా కోసం ఒక్కలూ నోరిప్పనేదు. ఆ మాట పాతపట్నం దాకా పాకింది, నా కొడుకుని బళ్ళో కూడా దొంగదాని కొడుకన్నారు. ఆడు అందుకే సదువు ఒగ్గేసినాడు."

నేను ఏడ్చాను. చేతులు పట్టుకోబోతే ఆవిడ వెనక్కి తీసుకుంది. "ఇంట్లో కూకోని నాకు సెప్తే నాకేటొస్తాది? నాకు తెలిసిందే నాకు సెప్తన్నావు. సర్చిలో సెప్పు. అందరూ ఉన్నప్పుడు సెప్పు. మీ సంచి ఇస్తే ఇయ్యి, నేకపోతే మానియ్యి."

ఫోనులో సంగతంతా విని సునీత గాభరా పడింది. "ఇప్పుడెందుకత్తా? మామ్మ పేరు మీద గోడకి రాయుంది. పోనోళ్ళని ఎందుకు బజార్న పెట్టడం? సంచి ఇచ్చీసి వచ్చీ, కావాలంటే రెండిద్దాం," అంది. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు తియ్యగానే వినిపించింది. రెండు సంచులతో పోయే పనైతే ఎంత హాయి. ఇంకో అనుమానం కూడా పట్టుకుంది. ఎంత మంచి మనిషో, తప్పు ఒప్పుకుంది అని నలుగురూ మెచ్చుకుంటారని చెప్పబోతున్నానా? నాలుగు రోజులు నిద్ర లేదు. చివరికి, నా మనసు శుభ్రమయ్యేదాకా ఆగితే ఆవిడ పోతుందని తేల్చుకున్నాను.

క్రిస్మస్ ముందు ఆదివారం మా ఊరి చర్చిలో సంచుల పంపకం. ఫోటోలు వద్దని సునీతను ఒప్పించాను, మూతి ముడుచుకుంది గాని ఒప్పుకుంది. గోడ మీద మామ్మ పేరున్న పాలరాయి, దాని కిందే నన్ను నిలబెట్టారు. సంతోషమ్మ ముందు బల్ల మీద ఉంది. పక్కన కొడుకు, యాభై దాటినవాడు, ఆటో యూనిఫారంలోనే వచ్చాడు, నేలకేసి చూస్తున్నాడు. నేను పేరు చెప్పుకుని, ఎస్తేరమ్మ మనవరాలినని చెప్పి, సంతోషమ్మ దొంగ కాదన్నాను. బియ్యం తీసింది మా అమ్మ అన్నాను. మా మామ్మకు తెలుసు, నాకూ తెలుసు, ముగ్గురం నోరు మూసుకున్నాం అన్నాను. చెబుతున్నంతసేపూ నా గొంతు నాకే సరిగ్గా వినిపించలేదు. ఎవరూ మెచ్చుకోలేదు. కొడుకు తల ఎత్తి నాకేసి చూశాడు.

సంతోషమ్మ బల్ల పట్టుకుని మెల్లిగా లేచి నిలబడింది. వెనక్కి తిరిగి, తలుపు దాకా నిండిన జనాన్ని ఒకసారి చూసింది. తర్వాత నాకేసి తిరిగింది.

"ఇంకోపాలి సెప్పు," అంది. "ఎనకున్నోళ్ళకి ఇనపడనేదు."

నేను మైకు దగ్గరికి జరిగి మళ్ళీ మొదటినుంచి చెప్పాను.